బెంజి కారుకు జామీను, పత్తి బండికి కోత

వర్ధన్నపేట మీదుగా వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డును ఈ నవంబరులో చూసినవాళ్లకు మేము కొత్తగా చెప్పేదేమీ లేదు. రోడ్డు అంచు పొడవునా పరదాలు. పరదాల మీద మొంథా తుఫాను వానకు తడిసిన వడ్లు, రంగు మారిన పత్తి. పొద్దున పరచడం, మధ్యాహ్నం కలియబెట్టడం, మొగులు పట్టిందంటే ఉరికి కప్పడం. తేమ 12 శాతం దాటితే పత్తిని సీసీఐ కొనదు. 8 శాతానికి దిగితే తప్ప పూర్తి మద్దతు ధర కట్టదు. ఆ పరదాల పక్క నుంచే పెద్ద కార్లు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. కొన్ని ఆగి, రోడ్డు మీ అబ్బ సొమ్మా అని అడిగి మరీ పోతున్నాయి.

ఆ కార్ల గురించే ఈ నెల మాట్లాడదాం. రైతు పత్రికలో కార్ల ముచ్చటేమిటని అనుకోవద్దు. మన మండలంలో లగ్జరీ కారంటే ఫార్చ్యూనరే, అది కూడా ఎన్నికలప్పుడు గుంపుగా కనబడుతుంది. దాని పైన ఉండే బెంజి, రేంజ్ రోవర్, రోల్స్ రాయిస్ లాంటివి హైదరాబాద్ దాటి మన రోడ్లకు వచ్చేది తక్కువ. కానీ వాటి ధర ఎట్లా నిలబడుతున్నదో తెలిస్తే, మన పత్తి ధర ఎందుకు నిలబడడం లేదో తెలుస్తుంది.

సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. పెద్ద ఎస్‌యూవీల మీద అంతకు ముందు 28 శాతం పన్ను, 22 శాతం సెస్సు, మొత్తం 50 శాతం ఉండేది. ఇప్పుడు సెస్సు ఎత్తేసి 40 శాతం చేశారు. రేంజ్ రోవర్ ధర 30 లక్షల దాకా తగ్గిందని, బెంజి ఎస్ క్లాస్ 11 లక్షల దాకా తగ్గిందని పేపర్లు పండుగ వార్తలుగా రాశాయి. తగ్గిందే 30 లక్షలైతే అసలు ధరెంతో బడికి పోయే పిల్లలతో లెక్క కట్టించుకోవాలి. ట్రాక్టర్ మీద కూడా 12 నుంచి 5 శాతానికి తగ్గించారు కదా అంటారు. తగ్గించారు, కాదనం. 7 లక్షల ట్రాక్టర్ మీద 49 వేలు మిగులుతాయి. అయితే పత్తి రైతు ఏటా కొనేది ట్రాక్టర్ కాదు, పురుగు మందు. దాని మీద 18 శాతం అట్లాగే ఉంది. కోటి రూపాయల కారు కొనేవాడికి ఒక్క పూటలో 10 లక్షలు వదిలిన చేయి, పురుగు మందు సీసా దగ్గర మాత్రం బిగుసుకుపోయింది.

ఎందుకు తగ్గించారంటే, బజారు మందగించింది, జనం కొనడం లేదు, కొనుగోళ్లు పెంచాలి అన్నారు. మందగించినప్పుడు చేయూత ఇవ్వాలన్న మాట మంచిదే. మా పేచీ అల్లా ఆ చేయి ఎవరి వైపు ఎంత తొందరగా చాస్తారన్న దాని మీద.

2008ని గుర్తు చేసుకుందాం. ఆ ఏడాది ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం రైతుల రుణమాఫీ ప్రకటించింది. 60 వేల కోట్లు. టీవీల్లో కూర్చున్న ఆర్థిక నిపుణులు గుండెలు బాదుకున్నారు. బాకీ ఎగ్గొట్టే గుణం రైతుకు నేర్పుతున్నారన్నారు, బ్యాంకులు మునుగుతాయన్నారు. సెప్టెంబరు వచ్చేసరికి అమెరికాలో బ్యాంకులు నిజంగానే మునిగాయి. ముంచింది ఏ ఐనవోలు రైతో, ఏ రాయపర్తి రైతో కాదు. అప్పు మీద అప్పు, దాని మీద పందెం కాసిన దొరలు ముంచారు.

ఆ దెబ్బకు కార్ల కంపెనీలు వణికాయి. నవంబరులో జీఎం, ఫోర్డ్, క్రిస్లర్ కంపెనీల పెద్దలు ముగ్గురు సాయం అడగడానికి వాషింగ్టన్ పోయారు. ఎట్లా పోయారు? మూడు సొంత విమానాల్లో. మనం రుణం రీషెడ్యూల్ చేయమని అడగడానికి బ్యాంకుకు పోతే, మంచి అంగీ తొడుక్కొని పోయినా మేనేజరు అనుమానంగా చూస్తాడు. అక్కడి సభ్యులు వాళ్లను బాగానే చీవాట్లు పెట్టారు, పెట్టిన తర్వాత పైకం ఇచ్చారు. ఫోర్డ్ ఆ పైకం తీసుకోకుండానే నెట్టుకొచ్చింది. మిగతా రెండు కంపెనీలను, వాటి ఫైనాన్స్ సంస్థలను నిలబెట్టడానికి అమెరికా సర్కారు సుమారు 8 వేల కోట్ల డాలర్లు పెట్టింది. జీఎం 2009 జూన్ 1న దివాలా తీసింది, జూలై 10న కొత్త కంపెనీగా లేచి కూర్చుంది. నలభై రోజులు. మన దగ్గర రైతు చనిపోతే ఆ ఇంటికి పరిహారం రావడానికి పట్టే ఏళ్లతో ఈ నలభై రోజులను పోల్చుకోండి.

మన దేశపు లెక్క కూడా చూద్దాం. సరిగ్గా ఆ 2008 జూన్‌లోనే టాటా మోటార్స్ 230 కోట్ల డాలర్లు పెట్టి ఫోర్డ్ నుంచి జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను కొన్నది. కొన్న మూడు నెలలకే మాంద్యం. 2008–09లో ఆ కంపెనీ మొత్తం లెక్కలో 2,505 కోట్ల నష్టం చూపింది. పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. మరుసటి ఏడాది 2,571 కోట్ల లాభం. ఆ పై ఏడాది 9 వేల కోట్లు దాటిన లాభం. రోల్స్ రాయిస్ 2008లో ప్రపంచం మొత్తం మీద 1,212 కార్లు అమ్మింది, 2009లో 1,002, 2010లో 2,711. అంటే వాళ్లకు మాంద్యం ఒక ఏడాది చెడిన పంట. మరుసటి ఏడాది అంతకు రెట్టింపు పండింది.

కరోనా ఏడాది మన కళ్ల ముందుదే. 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశం ఉత్పత్తి 23.9 శాతం పడిపోయిందని అప్పట్లో సర్కారే లెక్క చెప్పింది. అన్నీ పడుతుంటే వ్యవసాయం ఒక్కటి 3.4 శాతం పెరిగింది. పట్నం నుంచి నడిచి వచ్చిన వాళ్లకు పని ఇచ్చింది మన చేన్లే. బెంజి కంపెనీ 2019లో ఇండియాలో 13,786 కార్లు అమ్మితే 2020లో 7,893 అమ్మింది. దాదాపు సగం పోయాయి. తర్వాత? 2021లో 11,242. 2022లో 15,822. 2024లో 19,565. రోల్స్ రాయిస్ అయితే 2021లో 5,586 కార్లు అమ్మి, తన 117 ఏళ్ల చరిత్రలో ఇదే ఎక్కువని ప్రకటించుకుంది. ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం బంగారం అమ్ముకున్న ఏడాది అది.

ఆ ఏడాది వ్యవసాయానికి దొరికిన బహుమానం కూడా మరవొద్దు. 2020 సెప్టెంబరులో మూడు నల్ల చట్టాలు తెచ్చారు. అవి వాపసు కావడానికి రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు ఎండకు ఎండి, చలికి వణికి కూర్చోవాల్సి వచ్చింది. రైతు సంఘాల లెక్కన 700 మందికి పైగా అక్కడే ప్రాణాలు విడిచారు.

ఇంత తొందరగా వాళ్లు ఎట్లా లేస్తారు? మొదటి సంగతి, వాళ్ల సరుకు కొనేవాళ్లెవరన్నది. మాంద్యంలో మొదట పని పోయేది అడ్డా కూలికి, లారీ క్లీనరుకు, చిన్న దుకాణదారుకు. షేర్లు, భూములు ఉన్నవాడి ఆస్తి కాగితం మీద పడుతుంది, కాగితం మీదనే లేస్తుంది. 2020 మార్చిలో కుప్పకూలిన సెన్సెక్స్ ఆ డిసెంబరుకే కొత్త రికార్డు దాటింది. ఆ లేచిన డబ్బే కార్ల షోరూముకు పోయింది. మన పత్తిని చివరికి తొడుక్కునేవాడు మామూలు మనిషి. వాడి జేబు చిల్లు పడితే అది పూడడానికి ఏళ్లు పడుతుంది. వాడు ఒక అంగీ తక్కువ కొంటే మిల్లు తక్కువ నూలు తీస్తుంది, జిన్నింగు వాడు తక్కువ ధర అంటాడు, ఆ తక్కువ మొత్తం చివరికి ఎనుమాముల యార్డులో మన బస్తా మీదికి దిగుతుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం, దీన్ని కొంచెం నిదానంగా చదవండి. లగ్జరీ కారు చేసేవాడు గిరాకీ తగ్గితే ధర తగ్గించడు. కార్లు చేయడం తగ్గిస్తాడు. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు ఆపేస్తాడు, ధర మాత్రం కదలనివ్వడు. 2021లో కార్లలో పెట్టే చిప్పులు ప్రపంచమంతా కరువయ్యాయి. మెర్సిడెస్ కంపెనీ ఆ ఏడాది అంతకు ముందటి ఏడాది కన్నా తక్కువ కార్లు అమ్మింది. లాభం మాత్రం పెరిగింది. దొరికిన చిప్పులను చిన్న కార్లకు కాకుండా ఎక్కువ లాభం వచ్చే ఖరీదైన కార్లకు పెట్టుకున్నారు, రాయితీలు బంద్ పెట్టారు. తక్కువ సరుకు, ఎక్కువ లాభం. ఫెరారీ కంపెనీకి అయితే మామూలు రోజుల్లో కూడా ఇదే పద్ధతి: అడిగినన్ని కార్లు ఎన్నడూ చేయదు. కొనేవాడు డబ్బు పట్టుకొని వరుసలో నిలబడాలి.

మనం చేయగలమా ఆ పని? మార్కెట్ పడిపోయింది కదా అని పత్తి కాయకు పగలొద్దని చెప్పగలమా? పగిలిన పత్తిని చెట్టు మీదనే ఉంచితే మంచుకు నల్లబడుతుంది, వానకు మొలకెత్తుతుంది. ఏరుదామంటే కూలీలు దొరకరు, దొరికితే కిలో లెక్కన కూలి, పైన ఆటో కిరాయి. ఏరిన పత్తిని దాచుదామంటే మన ఇంట్లో ఉండేది ఒక అర్ర, ఒక వసారా. పిల్లలు పత్తి మీదనే పండుకుంటారు, పొయ్యి వెలిగిస్తే అగ్గి రవ్వ ఎక్కడ పడుతుందోనని రాత్రంతా భయం. సంక్రాంతి దాకా ఆగి అమ్ముదామంటే, అడ్తి దగ్గర తెచ్చిన నూటికి రెండు రూపాయల మిత్తి మనతో పాటు ఆగదు. అందుకని అందరం ఒకే నెలలో యార్డుకు తోలుతాం. అందరం తోలాం కనుక ధర పడుతుంది. ధర పడింది కనుక బాకీ తీరదు. బాకీ తీరలేదు కనుక వచ్చే ఏడు ఇంకో రెండెకరాలు కౌలుకు పట్టి ఇంకా ఎక్కువ పత్తి పెడతాం. వాడు సరుకు తగ్గించి గట్టెక్కుతాడు. మనం సరుకు పెంచి మునుగుతాం. ఇది మన తెలివితక్కువ కాదు, వేరే దారి లేక.

వరుసలో నిలబడే ముచ్చట వచ్చింది కనుక ఇంకొకటి. ఖరీదైన కారు బుక్ చేసి ఆరు నెలలు ఆగడం గొప్పోళ్ల ఇళ్లలో చెప్పుకునే ఘనత. ఆగస్టు, సెప్టెంబరుల్లో మనమూ వరుసలో ఉన్నాం. యూరియాకు. తెల్లవారుజామున మూడింటికి పోయి, మనిషి నిలబడలేక చెప్పులు వరుసలో పెట్టి, ఆధార్ జిరాక్సుల మీద రాయి పెట్టి కాపలా కాశాం. బస్తా దొరికేసరికి చేను పసుపు పచ్చగా మారింది. వాడి వరుస సరుకు ధర పెంచుతుంది, మన వరుస పంటను చంపుతుంది.

ఇక మూడో సంగతి, సర్కారు. 2019 జూలైలో దేశంలో కార్ల అమ్మకాలు ముందటి ఏడుతో పోలిస్తే 31 శాతం దాకా పడ్డాయి. కార్ల కంపెనీలు ఎక్కడా ధర్నాకు కూర్చోలేదు. ఆగస్టు 23న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ విలేఖరులను పిలిచి, కొత్త వాహనాల మీద తరుగుదలను 15 నుంచి 30 శాతానికి పెంచుతున్నామన్నారు. అంటే వ్యాపారం పేరు మీద కారు కొన్నవాడు దాని ధరలో ఏడాదికి 30 శాతం ఖర్చుగా రాసుకొని పన్ను తగ్గించుకోవచ్చు. ప్రభుత్వ శాఖలు కొత్త బండ్లు కొనొద్దన్న నిషేధాన్నీ ఎత్తేశారు. సెప్టెంబరు 20న ఏకంగా కంపెనీల ఆదాయం మీద పన్నునే 30 నుంచి 22 శాతానికి, కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకు 15 శాతానికి దించారు. ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్లు తక్కువ వస్తాయని వాళ్లే చెప్పారు. జూలైలో అమ్మకాలు పడితే సెప్టెంబరుకు పని అయిపోయింది. స్వామినాథన్ కమిషన్ 2006లో నివేదిక ఇచ్చింది. అది ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

మన రాష్ట్రం సంగతి చెప్పకుంటే మమ్మల్ని ఏదో ఒక పార్టీ మనుషులంటారు. 2021 జూన్‌లో, కరోనా రెండో దెబ్బకు ఊరూరా శవాలు లేస్తున్న రోజుల్లో, కేసీఆర్ ప్రభుత్వం అదనపు కలెక్టర్లకు 32 కియా కార్నివాల్ కార్లు కొని ప్రగతి భవన్ ముందు వరుసగా నిలబెట్టింది. 2018 ఎన్నికల్లో చెప్పిన లక్ష రూపాయల రుణమాఫీ మాత్రం సాగి సాగి 2023 ఆగస్టు దాకా పోయింది. ఎందుకు ఆలస్యమైందంటే కరోనా అన్నారు. కార్లకు అడ్డం రాని కరోనా మాఫీకి అడ్డం వచ్చింది. ఆ కార్లు వచ్చిన ఏడాదే చలికాలంలో యాసంగి వరి వేయొద్దని, వేస్తే కొనమని మనకు హుకుం. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. పాత ప్రభుత్వం 22 ల్యాండ్ క్రూయిజర్లు కొని విజయవాడలో దాచిపెట్టిందని, ఒక్కోటి 3 కోట్లని, 2023 డిసెంబరులో కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డే బయటపెట్టారు. సంతోషం. మరి ఎకరానికి ఏడాదికి 15 వేల రైతు భరోసా అని చెప్పి 12 వేలకు దింపింది ఎవరు? 2024లో 2 లక్షల మాఫీకి 20 వేల కోట్లకు పైగా ఇచ్చామంటున్నారు, ఇచ్చిన మేరకు ఒప్పుకుంటాం. 2 లక్షల పైన ఉన్న బాకీ ముందు కడితేనే మాఫీ అని మెలిక పెట్టినందుకు ఎంత మంది బయట పడ్డారో మా సంఘం పుస్తకంలో ఊరి వారీగా పేర్లున్నాయి.

కార్ల కంపెనీ పేరు చెబితే మన పాలకులకు కళ్లు ఎట్లా మూసుకుపోతాయో చెప్పడానికి పాత కథ ఒకటి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో, 2005లో, జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ విశాఖకు వస్తుందని చెప్పి, వశిష్ట వాహన్ అనే కంపెనీకి సర్కారు 11 కోట్లకు పైగా కట్టింది. తీరా చూస్తే ఫోక్స్‌వ్యాగన్‌కు ఆ కంపెనీతో సంబంధమే లేదు. ఫ్యాక్టరీ పుణె దగ్గరి చకన్‌కు పోయింది, మనకు సీబీఐ కేసు మిగిలింది. కౌలు రైతుకు పదివేల పంట రుణం ఇవ్వాలంటే పట్టా, పహాణీ, నో డ్యూ సర్టిఫికెట్, ఇద్దరి సంతకాలు. 11 కోట్లకు ఆ పాటి విచారణ కూడా లేకపోయింది.

అప్పు మిత్తి సంగతి చూడండి. 2010 అక్టోబరులో మహారాష్ట్ర ఔరంగాబాద్‌లో ఒక గుంపు ధనవంతులు కలిసి ఒకేసారి 150 బెంజి కార్లు కొన్నారు. విలువ 65 కోట్లు. అందులో 40 కోట్లకు పైగా ప్రభుత్వ రంగ బ్యాంకు అప్పు, మిత్తి 7 శాతం. అదే మరఠ్వాడాలో ట్రాక్టర్ కొన్న రైతుకు మిత్తి దానికి రెట్టింపుకు తక్కువ లేదని అప్పట్లో జర్నలిస్టు పి. సాయినాథ్ రాశారు. అది కూడా మనలాగే పత్తి పండే నేల, మనలాగే రైతులు ఉరి పోసుకున్న నేల. పదిహేనేళ్లు గడిచాయి. ఇప్పటికీ మన ఊళ్లలో ట్రాక్టర్ ఫైనాన్స్ కాగితం, కారు లోను కాగితం పక్కపక్కన పెట్టి చూసుకోండి. దున్ని తిండి పెట్టే బండికి ఎక్కువ మిత్తి, షికారు తిరిగే బండికి తక్కువ. పోయిన ఎండాకాలం మా దగ్గర ఒక ఆసామి రెండు కిస్తులు తప్పితే ఫైనాన్స్ మనుషులు దుక్కి మధ్యలో నుంచే ట్రాక్టర్ తోలుకుపోయారు. నాగలి మాత్రం విప్పి గట్టున పడేశారు, అంతవరకు దయ.

బ్యాంకులు పదేళ్లలో, 2014–15 నుంచి 2023–24 దాకా, 16.35 లక్షల కోట్ల మొండి బాకీలను ఖాతాల్లోంచి రాసేశాయని ఈ మార్చిలో పార్లమెంటులోనే చెప్పారు. రాసేయడమంటే మాఫీ కాదు, వసూలు చేస్తూనే ఉంటామని కూడా అన్నారు. మంచిది. మా బాకీలు కూడా అట్లాగే రాసేయండి, వసూలు చేస్తూనే ఉండండి, ఇంటి తలుపుకు నోటీసు అంటించకుండా ఉంటే చాలు.

ఈ సీజనులో జరిగినవే వరుసగా పెట్టి చూద్దాం. జూలై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అది అమల్లోకి వస్తే, అక్కడి నుంచి వచ్చే కార్ల మీద 100 శాతం పైన ఉన్న సుంకం ఒక కోటా మేరకు 10 శాతానికి దిగుతుంది. రోల్స్ రాయిస్, బెంట్లీ, రేంజ్ రోవర్ తయారయ్యేది అక్కడే. ఆగస్టు 19న విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేశారు. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన పత్తి బజారుకు వచ్చేది సరిగ్గా ఆ అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే. అమెరికా మన బట్టల మీద 50 శాతం సుంకం వేసిందట, మిల్లులు నష్టపోతాయట, అందుకని వాళ్లకు చౌక పత్తి కావాలట. అమెరికా వేసిన దెబ్బ మిల్లు మీద పడకుండా తప్పించి మన వీపు మీదికి మళ్లించారు.

సెప్టెంబరులో జాగ్వార్ ల్యాండ్ రోవర్ కంప్యూటర్లను ఎవరో దొంగలు పాడు చేశారు. నెల రోజులకు పైగా బ్రిటన్‌లో ఫ్యాక్టరీలు నడవలేదు. ఆ నెల తిరగకముందే బ్రిటన్ సర్కారు 150 కోట్ల పౌండ్ల అప్పుకు జామీను ఉంటానని ముందుకొచ్చింది. మన లెక్కలో 17 వేల కోట్ల పైమాటే. ఆ కంపెనీ టాటాలదని మీకు ముందే చెప్పాం. కంపెనీకి విడిభాగాలు ఇచ్చే చిన్న చిన్న ఫ్యాక్టరీల్లో కూలి దొరకక కార్మికులు అల్లాడారు, వాళ్ల కోసమైనా ఆదుకోవాల్సిందే. దానికి మాకు ఏడుపు లేదు. నెల తర్వాత అక్టోబరు 29న మన మీద మొంథా పడింది. మనకు జామీను ఎవరున్నారు? ఫసల్ బీమా నుంచి 2020లో రాష్ట్రం బయటికొచ్చింది. దాని బదులు ఇంకో బీమా పెట్టలేదు. ఏఈఓ వచ్చి ఫొటో తీసుకుపోయాడు. తడిసిన పత్తిని సీసీఐకి పెడదామంటే ముందు ఫోన్లో కపాస్ కిసాన్ యాప్, అందులో స్లాట్. ఎకరానికి 12 క్వింటాళ్లు కొనే కాడ 7 క్వింటాళ్లే అన్నారు. మిగతా పత్తిని ప్రైవేటు ఖరీదుదారుకు వాడు చెప్పిన ధరకు ఇచ్చుకోవాలి. నవంబరు 17 నుంచి కొన్ని రోజులు జిన్నింగు మిల్లుల వాళ్లు కొనుగోళ్లే బంద్ పెట్టారు. మద్దతు ధర 8,110 అని బోర్డు మీద ఉంది. బోర్డును కాంటా మీద పెట్టలేం కదా.

మాకు ఎదురు చెప్పేవాళ్లు చెప్పే మాటలు తెలుసు. కార్ల పరిశ్రమ మీద లక్షల మంది కార్మికులు బతుకుతున్నారంటారు. నిజం. ఆ కార్మికుల్లో మన పిల్లలూ ఉన్నారు. అయితే కంపెనీకి కష్టమొచ్చినప్పుడు అందులో మొదట పోయేది ఎవరు? పోర్షే కంపెనీ ఈ ఏడాది కష్టంలో పడింది. చైనాలో అమ్మకాలు పడి, కరెంటు కార్ల లెక్క తప్పి, మూడు నెలల్లోనే 96 కోట్ల యూరోలకు పైగా నష్టం చూపింది. 2029 నాటికి జర్మనీలో 1,900 ఉద్యోగాలు తగ్గిస్తామని ఫిబ్రవరిలోనే చెప్పింది. కాబట్టి లగ్జరీ కంపెనీకి దెబ్బ తగలదని మేమనడం లేదు. దెబ్బ తగిలితే నొప్పి కార్మికుడికి, మందు యజమానికి అంటున్నాం. ఇంకో మాట, రైతులకు ఆదాయపు పన్నే లేదు కదా అంటారు. ముందు ఆదాయం చూపించండి, పన్ను ఎంతో తర్వాత మాట్లాడదాం. డీజిల్ మీద, మందు మీద, పైపు మీద, పిల్లాడి చెప్పుల మీద కడుతున్నది పన్ను కాదా?

మేము సాయం అడగడం లేదు, వాళ్లకు దొరికిన పద్ధతినే అడుగుతున్నాం. ధర పడకుండా ఆపుకునే శక్తి కారు కంపెనీకి ఫ్యాక్టరీ తలుపులో ఉంది. మనకు అది చట్టంలో ఉండాలి. కౌలు, సొంత భూమి కిరాయి, పెట్టుబడి మిత్తి అన్నీ కలిపిన ఖర్చు మీద సగం లాభం వేస్తే, ఈ ఏడు మధ్యరకం పత్తికి 10,075 రావాలని సంయుక్త కిసాన్ మోర్చా లెక్క కట్టింది. ప్రకటించింది 7,710. ఆ 2,365 రూపాయల తేడాను మీ క్వింటాళ్లతో గుణించుకుంటే ఎవరి బాకీ ఎంతో తేలుతుంది, మనం బ్యాంకుకా, సర్కారు మనకా. విదేశీ పత్తి మీద సుంకాన్ని జనవరి 1 నుంచి మళ్లీ వేయాలి, ఇంకో పొడిగింపు వద్దు. ఎకరానికి 12 క్వింటాళ్లు కొనాలి, తుఫాను జిల్లాల్లో తేమ నిబంధన సడలించాలి. బీమా ఏ పేరుతోనైనా సరే వచ్చే వానాకాలం లోపు రావాలి, అందులో పట్టా లేని కౌలు రైతు పేరు ఉండాలి. ట్రాక్టర్ అప్పు మిత్తి కారు అప్పు మిత్తి కన్నా ఒక్క పైసా ఎక్కువ ఉండొద్దు.

ఈ లెక్కలన్నీ ఒక అర్జీగా రాసి అదనపు కలెక్టర్‌కు ఇస్తాం. ఉత్త మాటలతో ఇస్తే బుట్టలో పడుతుంది, అందుకే కాగితాలు కావాలి. వచ్చే మండల కమిటీ సమావేశానికి ప్రతి ఊరి నుంచి కనీసం పది మంది ఈ సీజను పత్తి అమ్మిన కాంటా చీటీలు, సీసీఐ వెనక్కి పంపిన బండ్ల వివరాలు, ట్రాక్టర్ కిస్తు రసీదులు పట్టుకొని రావాలి. అసలు కాగితాలు ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. ఇల్లంద, కట్ర్యాల నుంచి వచ్చేవాళ్లకు ట్రాలీలు పెడుతున్నాం, డీజిల్ సంఘానిదే. పరదాల దగ్గర ఇంట్లోవాళ్లను ఒకరిని కాపలా పెట్టి రండి, మళ్లీ మొగులు పట్టేట్టుంది.